మందు షాపు టైములు, పర్మిట్ రూములు, మన హైవే చావులు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

నరసన్నపేట_మాస్టారు:
అందరికీ నమస్కారం. మన రెండు జిల్లాల వాళ్లే ఉన్న చోట కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. మందు పాలసీ ఎన్నిసార్లు మారిందో ఒకసారి చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది, 4380 షాపుల్ని 3500కి తగ్గించింది, షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు ఎత్తేసింది, 2020 మేలో రెండు రోజుల తేడాలో రేట్లు 75 శాతం పెంచింది. 2024 అక్టోబరు 16 నుంచి లాటరీ తీసి 3396 షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్లకిచ్చారు, పొద్దున్న 10 నుంచి రాత్రి 10 దాకా అమ్మకం, 99 రూపాయలకి క్వార్టరు, అంటే 180 ఎంఎల్ సీసా. 2025లో పర్మిట్ రూములు కూడా తిరిగొచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ టీవీల్లో, పేపర్లలో మాట్లాడిందంతా రేటెంత, బ్రాండేది, ఖజానాకి ఎంతొచ్చింది అన్నదే. తాగినవాడు ఇంటికెలా చేరుతున్నాడు అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

మా వైపు హైవే సర్వీసు రోడ్డుకి కాస్త లోపలగా ఒక షాపుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక అక్కడ నిలబడితే చాలు, విషయం తెలిసిపోతుంది. షట్టరు దించేస్తారన్న కంగారులో చివరి పావుగంటలో జనం ఎగబడతారు, కొన్న క్వార్టర్ని ప్లాస్టిక్ గ్లాసులో పోసి వాటర్ ప్యాకెట్ కలిపి అక్కడే గోడ పక్కన గబగబా దించేస్తారు, వెంటనే బండెక్కుతారు. ఊరు హైవేకి అవతల ఉంటుంది. అండర్‌పాస్ దాకా వెళ్లి రావాలంటే చుట్టు తిరుగుడు, అందుకని డివైడర్ గ్యాపు దాకా రాంగ్ సైడులో వెళ్తారు, వెనక ఇద్దరు, హెల్మెట్ ఉండదు. ఎదురుగా ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే లారీ మంచి స్పీడులో ఉంటుంది. మా స్కూల్లో చదువుకున్న పిల్లల తండ్రులు ఇలా పోయినవాళ్లు ఉన్నారు. అందుకే అడుగుతున్నాను, షాపుల టైములు, దూరాలు, రేట్లు మారిస్తే రోడ్డు మీద తేడా వస్తుందా, ఇంకేమైనా చెయ్యాలా?

సాలూరు_లారీ:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ బండికి ఎదురొచ్చే లారీ నాలాంటి వాడిదే. రాయపూర్ రూట్లో తిరుగుతాను, ఘాటు దిగి సాలూరు, రామభద్రపురం, గజపతినగరం మీదుగా వచ్చేటప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉన్న భయం అర్ధరాత్రి దాటాక ఉండదు. వెనక లైటు లేని బండి మీద ముగ్గురు, రోడ్డు మధ్యలో వంకర్లు తిరుగుతూ పోతుంటారు, హారన్ కొడితే ఇంకా మధ్యలోకే వస్తారు. బ్రేకు మీద కాలు పెట్టే నడపాలి. లోడు బండి తొక్కగానే ఆగదు కదా.

మా డ్రైవర్లలో తాగేవాళ్లు లేరని నేనను. ధాబాల దగ్గర అడిగితే లోపల్నుంచి తెచ్చిస్తారు, అది అందరికీ తెలిసిందే. కానీ యాక్సిడెంట్ అయితే జనం ముందు లారీ డ్రైవర్ని కొడతారు, ఆ తర్వాతే ఎవరు తాగారో అడుగుతారు.

గరివిడి_లెక్కలు:
మాస్టారి ప్రశ్నకి జవాబు వెతికేముందు లెక్కల్లోనే ఒక చిక్కుంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ఓవర్ స్పీడు ఖాతాలో వేసినవి 71 శాతం పైన. తాగి నడపడం ఖాతాలో వేసినవి చూస్తే రెండున్నర శాతం దగ్గర. ఆ అంకె చూపించి మందు పెద్ద కారణమే కాదని వాదించేవాళ్లు ఉన్నారు. మన రోడ్ల మీద రాత్రిపూట తిరిగే ఎవరైనా ఆ రెండున్నర శాతాన్ని నమ్ముతారా? తాగినవాడే స్పీడుగా పోతాడు, తాగినవాడే హెల్మెట్ మర్చిపోతాడు. కానీ కాగితంలో ఒకటే కారణం రాస్తారు, అది ఓవర్ స్పీడు. ఇలా ఎందుకు జరుగుతుందో ఆస్పత్రి వాళ్లు, పోలీసు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పాలి.

కాశీబుగ్గ_సుజాత:
స్టాఫ్ నర్సుగా ఎమర్జెన్సీలో చాలాకాలం చేశాను కాబట్టి చెప్పగలను. 108లో మనిషిని దించగానే మేం చూసేది ఊపిరాడుతోందా, రక్తం ఎక్కడ పోతోంది, తలకి దెబ్బ ఎంత అని. వాసన తెలుస్తూనే ఉంటుంది. డాక్టరుగారు నోటి దగ్గర వాసన ఉందని ఒక లైను రాస్తే రాస్తారు, అంతే. రక్తం తీసి సీలు వేసి పంపమని పోలీసు వాళ్లు కాగితం ఇస్తేగాని ఆ శాంపిల్ కేసులోకి వెళ్లదు. తలకి దెబ్బ తగిలిన వాళ్లని శ్రీకాకుళం పంపుతారు, అక్కణ్నుంచి వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి. వైజాగ్ చేరేసరికి రాత్రి గడిచిపోతుంది, రక్తంలో మందు సగానికి పైగా దిగిపోతుంది.

ఇంకొకటి, రాయడానికి నాకే కష్టంగా ఉంది. స్ట్రెచర్ పక్కనే భార్యో తల్లో నిలబడి మా చెయ్యి పట్టుకుని, "అమ్మా, తాగేడని రాయకండమ్మా, రాస్తే ఇన్సూరెన్సు డబ్బులు రావంట" అని ఏడుస్తారు. ఇద్దరు పసిపిల్లలుంటారు. ఆ మాట విన్నాక కాగితం మీద పెన్ను పెట్టడం ఎంత కష్టమో అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

రిటైర్డ్_హెడ్డు:
సుజాతమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను విజయనగరం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాను. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద వంద ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారి పదివేల ఫైను లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ ఫైను 2019 సవరణలో పెరిగింది. కానీ అరెస్టు చేస్తే రెండు గంటల్లోపల డాక్టరు పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలెయ్యాలని అదే చట్టం 202 సెక్షన్లో ఉంది. యాక్సిడెంట్ స్పాటులో ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటారు. ట్రాఫిక్ క్లియర్ చెయ్యాలి, దెబ్బలు తగిలినవాళ్లని పంపాలి, జనం లారీని తగలబెట్టకుండా చూడాలి. ఆ గొడవలో రక్తపరీక్ష మాట ఎవరికి గుర్తుంటుంది? పంపినా విశాఖ ల్యాబు నుంచి రిపోర్టు వచ్చేసరికి కేసు చల్లబడిపోతుంది. అందుకని ర్యాష్ అండ్ నెగ్లిజెంట్ అని రాసి ముగించేస్తారు.

ఇన్సూరెన్సు సంగతి కూడా జనానికి సరిగ్గా తెలీదు. తాగి నడిపినవాడికి సొంత బండి డ్యామేజీ, సొంత పర్సనల్ యాక్సిడెంట్ క్లెయిము రావు, అది నిజమే. వాడు గుద్దినవాడికి మాత్రం కోర్టులు మామూలుగా కంపెనీనే ముందు ఇమ్మని, తర్వాత బండి ఓనరు దగ్గర రాబట్టుకోమని చెప్తున్నాయి. అంటే గుద్దించుకున్నవాడి కుటుంబానికి నిజం రాయడం వల్ల పోయేదేం లేదు.

రాజాం_కుర్రోడు:
హెడ్డుగారూ, 30 అంటే మరీ తక్కువ కాదా అండీ? ఒక బీరు తాగి బండి నడిపినవాడూ, ఫుల్లుగా తాగి పడిపోతున్నవాడూ ఒకటేనా? మా ఫ్రెండ్స్‌లో చాలామంది ఒక్క బీరే కదా, ఏం కాదులే అంటారు. వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నాను.

గరివిడి_లెక్కలు:
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు, లెక్క వేసే చూద్దాం. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 180 ఎంఎల్ క్వార్టర్లో అసలు ఆల్కహాలు 77 ఎంఎల్, బరువులో దాదాపు 60 గ్రాములు. 60 కిలోల మగమనిషి దాన్ని మాస్టారు చెప్పినట్టు గబగబా దించేస్తే రక్తంలో 150 మిల్లీగ్రాముల దాకా పోతుంది, హద్దుకి అయిదు రెట్లు. 60 ఎంఎల్ పెగ్గు ఒక్కటికే 50 వస్తుంది. 650 ఎంఎల్ మామూలు బీరు 5 శాతందైతే 60 దాటుతుంది, మనవాళ్లు ఎక్కువగా తాగే 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 100. అంటే నువ్వన్న ఆ ఒక్క బీరూ హద్దుకి మూడు రెట్లు. మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది గాని, గబగబా తాగితే చాలామందికి హద్దు లోపలికి రాదు.

దీంట్లో నన్ను ఎక్కువ భయపెట్టేది మర్నాడు పొద్దున్న. మన లివరు గంటకి 15 మిల్లీగ్రాముల చొప్పునే దింపుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, చన్నీళ్ల స్నానం చేసినా అంతే. రాత్రి పదకొండింటికి 150 ఉన్నవాడు 30కి దిగేసరికి పొద్దున్న ఏడవుతుంది. స్కూలు పిల్లల్ని ఎక్కించుకునే ఆటో ఏడున్నరకి బయల్దేరుతుంది. క్వార్టరు మీద ఇంకో కటింగ్ వేసిన ఆటో డ్రైవరు పొద్దున్న నిద్రలేచి, మొహం కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని స్టీరింగు పట్టుకున్నా చట్టం లెక్కలో ఇంకా తాగినవాడే.

పాతపట్నం_పోలమ్మ:
అందరూ మిల్లీగ్రాములు చెప్తున్నారు, నేను మా డ్వాక్రా సంఘం తరఫున ఒక మాట చెప్తాను. అసలు లైసెన్సు లేని బెల్టు షాపు ఊళ్లో ఎందుకుండాలి? కిరాణా కొట్లో సబ్బులు, బిస్కెట్లతో పాటు క్వార్టర్లు పెట్టి పదీ ఇరవై ఎక్కువేసి అమ్ముతున్నారు, పొద్దున్న ఆరింటికి కూడా దొరుకుతుంది. షాపు టైము రాత్రి 10 అని కాగితం మీద రాసి లాభమేటి? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురుతిరిగి మొదలుపెట్టబట్టే కదా 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మందే బందయింది. ధర పెంచాలి, షాపులు తగ్గించాలి, బెల్టు షాపు పెట్టినవాణ్ని లోపలెయ్యాలి. మందు దొరక్కపోతే రోడ్డు మీద చచ్చేవాళ్లూ ఉండరు.

సోంపేట_కొబ్బరి:
పోలమ్మగారూ, మీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఆ బాధ పడ్డాం. కానీ 1995 నిషేధం 1997లోనే సడలించారు, ఆ రెండేళ్లూ మన బోర్డర్లో ఏం జరిగిందో మీ ఊరివాళ్లకి వేరే చెప్పాలా? పాతపట్నం దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి. సాయంత్రం అటు వెళ్లి తాగి రాత్రి ఇటు బండి మీద వచ్చేవాళ్లు. 2020లో రేట్లు పెరిగినప్పుడు మళ్లీ అదే చూశాం. మా వైపు ఇచ్ఛాపురం దాటి అటెళ్లి తాగి హైవే మీద తిరిగొచ్చేవాళ్లు, కొండల వైపు నుంచి నాటుసారా వచ్చేది. ఊళ్లో తాగి నడిచి ఇంటికెళ్లేవాడు పది కిలోమీటర్లు బండి మీద రావాల్సొచ్చింది. ఆ ఏడాదే ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి మనుషులు చచ్చిపోయారు.

పాతపట్నం_పోలమ్మ:
బాబూ, అలాగని ఊళ్లో షాపు ఉంటేనే మంచిదంటావా? ఊళ్లో ఉంటే రోజూ తాగుతాడు, దూరంగా ఉంటే వారానికోసారి తాగుతాడు. నడిచొచ్చి ఇంట్లో కొడతాడు, బండి మీదొస్తే రోడ్డు మీద చస్తాడు, రెండిట్లో ఏది మేలని నన్నడిగితే నేనేటి చెప్పను?

గరివిడి_లెక్కలు:
పోలమ్మగారి మాటకి బలం ఉందండీ. రేటు, దొరకడం, ఈ రెండూ తగ్గిస్తే తాగుడు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పణ్నుంచో చెప్తోంది. ఫిన్లాండులో 2004లో మందు పన్ను మూడో వంతు తగ్గిస్తే మందు చావులు పెరిగాయి. కాబట్టి రేటుకి శక్తి ఉంది. కానీ పక్క రాష్ట్రం గంట దూరంలో ఉన్న మనలాంటి జిల్లాలో రేటు ఒక్కటే నమ్ముకుంటే సోంపేట ఆయన చెప్పిందే జరుగుతుంది. దూరం సంగతీ అంతే. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు హైవేకి 500 మీటర్ల లోపు షాపు ఉండకూడదంది, 2017 మార్చిలో ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట 220 మీటర్లు చాలంది, జూలైకొచ్చేసరికి మున్సిపాలిటీ హద్దుల్లో ఆ నిబంధన వర్తించదంది. 220 మీటర్లు అంటే బండి మీద అర నిమిషం కూడా పట్టదు.

నా ఉద్దేశంలో రోడ్డు మీద ప్రాణాలు కాపాడేది చెకింగ్, అదీ ఎక్కడ ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియని చెకింగ్. ఇది ఊహ కాదు, మన దేశంలోనే పరీక్షించారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, డేనియల్ కెనిస్టన్, ఐపీఎస్ అధికారి నీనా సింగ్ కలిసి రాజస్థాన్ పోలీసులతో ఈ ప్రయోగం చేశారు. కొన్ని స్టేషన్ల పరిధిలో ఒకే చోట నాకాబందీ పెట్టి, తాగారో లేదో తెలియడానికి మెషీన్లో ఊదించారు, ఇంకొన్ని చోట్ల రోడ్లు మారుస్తూ పెట్టారు. ఒకే చోట పెట్టిన దగ్గర ఫలితం లేదు. మార్చిన దగ్గర రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి చావులు 25 శాతం తగ్గాయి. షాపులు మూయలేదు, రేటు పెంచలేదు, ఫైనూ పెంచలేదు. ఇంకో విషయం, స్థానిక స్టేషన్ సిబ్బంది కంటే పోలీస్ లైన్స్ (రిజర్వు పోలీసులుండే చోటు) నుంచి తెచ్చిన ప్రత్యేక టీములు ఈ పని బాగా చేశాయి.

రిటైర్డ్_హెడ్డు:
మన దగ్గర చెకింగ్ ఎక్కడ జరుగుతుందో అందరికీ తెలుసు. ఊరి మొదట్లో లైట్లున్న జంక్షన్, రాత్రి ఎనిమిది నుంచి పది, శని ఆదివారాలు, డిసెంబరు 31, సంక్రాంతి. లైటు లేని చోట ఆపితే వెనకొచ్చే బండి మా కానిస్టేబుల్నే గుద్దేస్తుంది, అందుకని వెలుతురున్న చోటే పెడతాం. స్టేషన్‌కి పనిచేసే మెషీను ఒకటుంటే గొప్ప. నోట్లో పెట్టే గొట్టాలు అయిపోతే మళ్లీ వచ్చేదాకా ఆగాలి. పట్టుకున్నవాణ్ని కోర్టుకి తీసుకెళ్లాలి, బండి స్టేషన్లో పెట్టాలి, దానికి చోటుండదు. వీటి మధ్యలో ఎవరో ఒకరు పెద్దమనిషి ఫోను చేస్తాడు.

స్టేషన్ వాళ్లతో కాకుండా బయటి టీముతో చేయించడం వల్ల ఈ ఫోన్లు ఆగుతాయి. స్థానికంగా ఉన్నవాడికి రేపు అదే ఊళ్లో పనుంటుంది, అదే మనిషి మొహం చూడాలి. ఆర్ముడు రిజర్వు నుంచి నలుగుర్ని ఒక జీపులో పంపితే వాళ్లకి ఎవరి మొహమాటమూ ఉండదు.

రాజాం_కుర్రోడు:
నిజమే సార్. మా వాట్సాప్ గ్రూపులో చెకింగ్ పెట్టిన అయిదు నిమిషాల్లో మెసేజ్ వచ్చేస్తుంది, పలానా జంక్షన్లో ఊదిస్తున్నారు, చెరువుగట్టు మీంచి రండి అని. ఆ చెరువుగట్టు రోడ్డుకి రెయిలింగ్ ఉండదు. రోజూ మారిస్తే, ఒక గంట ఇక్కడ ఒక గంట అక్కడ పెడితే ఆ మెసేజ్‌కి విలువుండదు. ఫైను పదివేలు అని అందరికీ తెలుసు, అయినా భయం లేదు, ఎందుకంటే పట్టుబడతామన్న అనుమానమే లేదు.

కాశీబుగ్గ_సుజాత:
తాగినవాడు బండి తియ్యకుండా ఉండాలంటే వేరే దారి కూడా చూపించాలి కదండీ. మా వైపు రాత్రి ఎనిమిదిన్నర దాటితే పల్లెకి బస్సుండదు, ఆటోవాడు నలుగురు దొరికేదాకా కదలడు. పర్మిట్ రూము పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఎదురుగా బైకులు పెట్టుకోవడానికి జాగా చూస్తున్నారు గాని అక్కణ్నుంచి ఇంటికెళ్లడానికి ఆటో స్టాండు ఉందా అని ఎవరూ చూడట్లేదు. పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో, రథసప్తమికి అరసవల్లిలో ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తారు. పది దాటాక పెద్ద రూట్లలో ఒక్కో బస్సు మామూలు రోజుల్లో కూడా ఉండాలి. తాగనివాళ్లకీ, డ్యూటీ దిగే మాలాంటి వాళ్లకీ కూడా పనికొస్తుంది.

సోంపేట_కొబ్బరి:
పర్మిట్ రూము వల్ల గోడ పక్కన తాగడం తగ్గిందని మా వైపు కొందరంటున్నారు. ఆడపిల్లలు ఆ దారిన నడవగలుగుతున్నారు, అది మంచిదే. కానీ కూర్చునే చోటు దొరికాక క్వార్టరుతో లేచేవాడు ఆఫ్ దాకా పోతున్నాడు, లేచాక ఎక్కేది అదే బండి.

పాతపట్నం_పోలమ్మ:
చెకింగ్ సంగతి నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ బెల్టు షాపు వదలొద్దు. హైవే చెకింగ్ హైవే మీదే ఉంటుంది, మా ఊరి తారురోడ్డు మీదకి ఎవడొస్తాడు? మొన్న సంతనాడు రాత్రి కల్వర్టులో పడిపోయిన కుర్రాణ్ని పొద్దున్న గొడ్లు తోలుకెళ్లేవాళ్లు చూశారు. బండి కింద కాలు ఇరుక్కుపోయి రాత్రంతా అరిచాడట, ఎవరికీ వినపడలేదు. వాడు తాగింది బెల్టు షాపులోనే.

నరసన్నపేట_మాస్టారు:
ఇంతమంది ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మాటలతో వదిలెయ్యొద్దు. ప్రతి జిల్లాకీ కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంది, ఎస్పీ, రవాణా శాఖ, హైవే వాళ్లు, వైద్య శాఖ అందరూ అందులో కూర్చుంటారు. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇద్దామని ఉంది. చెకింగ్ చోటు, టైము రోజూ మార్చాలి, లైట్లూ కోన్లూ జీపులోనే ఉండాలి, టీము బయటిది కావాలి. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా స్కూలు ఆటోల్ని, బస్సుల్ని కూడా ఊదించాలి. చావు కేసుల్లో, పెద్ద దెబ్బల కేసుల్లో మొదటి ఆస్పత్రిలోనే రక్తం తీసేలా పోలీసు వాళ్లు ముందే ఆస్పత్రులతో ఏర్పాటు చేసుకోవాలి, ఎవరో గుర్తుపెట్టుకుని కాగితం ఇచ్చేదాకా ఆగకూడదు. పోలమ్మగారూ, మీ మండలంలో బెల్టు షాపులున్న ఊళ్ల పేర్లు సంఘం లెటర్ మీద రాసి ఇస్తే దాన్నీ జతచేస్తాను.

పాతపట్నం_పోలమ్మ:
రాసిస్తాను మాస్టారూ. సంతకాలు కూడా పెట్టిస్తాను, ఆడవాళ్లవే.

రిటైర్డ్_హెడ్డు:
విజయనగరంలో నేనిస్తాను. అర్జీలో మెషీన్ల సంఖ్య, గొట్టాల స్టాకు గురించి తప్పకుండా రాయండి. అది రాయకపోతే మిగతావన్నీ సరే అని రాసుకుని, మెషీను లేదని మూడో నెలకి ఆపేస్తారు.

సాలూరు_లారీ:
మా డ్రైవర్లని కూడా ఊదించమనే రాయండి మాస్టారూ, మాకేం అభ్యంతరం లేదు. ధాబాల్లో అమ్మకం కూడా అందులో కలపండి. నేను సోమవారం లోడు మీద ఉంటాను, యూనియన్ నుంచి ఇద్దర్ని శ్రీకాకుళం కలెక్టరేట్ దగ్గరికి పంపుతాను, పదింటికల్లా గేటు దగ్గరుంటారు.